నెత్తురుకీ వయోపరిమితి

మన దేశంలో ఓటు 18 ఏళ్లకు వస్తుంది, కాటికి పోయేదాకా ఉంటుంది. కొందరిది కాటికి పోయాక కూడా జాబితాలో ఉంటుంది. నెత్తురుకి ఆ యోగం లేదు. ఆడదాని నెత్తురు 15వ ఏట లెక్కలోకి వచ్చి, 49వ ఏట పదవీ విరమణ చేస్తుంది. శాలువా లేదు, దండ లేదు, వీడ్కోలు సభలో రెండు మంచిమాటలు కూడా లేవు.

ఇది నా కల్పన కాదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 49 ఏళ్ల మహిళల వేళ్లు గుచ్చి చూసి, దేశంలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. దశాంశ బిందువు దాకా వెళ్లిన ఆ శ్రద్ధకు దణ్ణం పెట్టాల్సిందే. కాకపోతే ఆ పట్టికలో యాభై నిండిన ఆవిడకు గడి లేదు. నలభై తొమ్మిదో ఏట నెత్తురు లేక తూలిన మనిషి యాభయ్యో ఏట ఏమైందో ఆ సర్వేకు పట్టలేదు. యాభై నిండిన తెల్లారి ఒంట్లో ఇనుము ఊటబావిలా ఊరుతుందని ఏ తాళపత్రంలోనో రాసి ఉందేమో, మనకేం తెలుసు?

సర్వే అంటే లెక్కల వ్యవహారం, పోనిద్దాం. మందిచ్చే పథకం సంగతి చూద్దాం. 2018లో కేంద్రం 'అనీమియా ముక్త్ భారత్' మొదలుపెట్టింది. ఆరు వర్గాల ప్రజలు, ఆరు రకాల పనులు, ఆరు వ్యవస్థలు. ఆరు ఆర్లు ముప్పయ్యారు, ముప్పయ్యారు ఆర్లు 216. ఎక్కాలు బాగా వచ్చినవాళ్లే రాశారు. ఆ ఆరు వర్గాలు ఎవరయ్యా అంటే, అయిదేళ్లలోపు పసివాళ్లు, అంతకు పై బడిపిల్లలు, పదేళ్లు దాటిన అమ్మాయిలూ అబ్బాయిలూ, పిల్లల్ని కనే వయసు మహిళలు, గర్భిణులు, బాలింతలు. క్లుప్తంగా చెప్పాలంటే కనబోయేవారు, కంటున్నవారు, కన్నవారు, వారు కన్నవారు. కనడం ముగించినవారికి ఈ దేశంతో లావాదేవీలు ముగిశాయి. 216 గడుల్లో ఒక్క గడిలోనూ అవ్వ లేదు. తాత అసలే లేడు.

పసివాడి గుడ్డు లాక్కుని ముసలాడికి పెట్టమని కాదు నా గోల. పసివాడికి ఇంకో గుడ్డు పెట్టినా సంతోషమే. తిండి పెట్టేముందు 'ఇక నీవల్ల మాకేం పని?' అని అడిగే రాజ్యం, ముద్ద కలిపేముందు అదే ప్రశ్న అడిగే ఇల్లు, ఈ రెండూ ఒకే బడిలో చదువుకున్నాయన్నదే గోల.

డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12 గ్రాముల కన్నా, మగవాళ్లకు 13 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గీత గీసినప్పుడు అరవై దాటినవాళ్లకు రాయితీ ఏమీ ప్రకటించలేదు. రైలు టికెట్ మీద ఉన్న రాయితీనే మనవాళ్లు 2020లో పీకేశారు, రక్తం మీద ఎవరిస్తారు? 'ముసలితనం కదా, నెత్తురు తగ్గుతుందిలే' అన్నమాట వైద్యశాస్త్రంలోది కాదు, మన వీలు కొద్దీ మనం అల్లుకున్నది. అమెరికాలో 65 దాటినవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, రక్తహీనుల్లో సుమారు మూడో వంతుకు పోషకాల లోపం, మూడో వంతుకు కిడ్నీ జబ్బులాంటి దీర్ఘరోగాలు కారణమని తేలాయి. మిగతా మూడో వంతుకు కారణం అంతుచిక్కలేదు. పాపం, అంత డబ్బుపోసి కూడా తేల్చుకోలేకపోయారు. మన దగ్గర పైసా ఖర్చు లేకుండా నూటికి నూరుమందికీ కారణం తేలిపోయింది. వయసు!

అయితే ఈ వయసు అనే జబ్బు కూడా ఆదాయం చూసి వస్తుంది. గేటెడ్ కమ్యూనిటీ పెద్దాయన నాలుగు మెట్లెక్కి ఆయాసపడ్డాడనుకోండి, మర్నాడు పొద్దున్నే కుర్రాడు ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతాడు. సాయంత్రానికల్లా ఫెర్రిటిన్, బీ12, క్రియాటినిన్ ఫోన్లో దిగుతాయి. డాలస్ కొడుకు వీడియో కాల్లో డాక్టర్ని నిలదీస్తాడు. పేగుల్లో ఎక్కడైనా నెత్తురు కారుతోందేమోనని ఎండోస్కోపీ చేస్తారు, ఇనుము నరంలోకి ఎక్కిస్తారు. ఇంటర్ లెక్చరర్‌గా రిటైరైన మాస్టారు ఆయాసపడితే మందులషాపు అబ్బాయి ముదురెరుపు టానిక్కు సీసా ఇస్తాడు. మిరప చేలో కాయలు కోసే అవ్వ ఆయాసపడితే, 'ఈ వయసులో ఆయాసం కాక ఇంకేమొస్తుందే?' అంటారు. మూడు ఒళ్లలోనూ పారేది ఒకే నెత్తురు. దాన్ని చూడ్డానికి ఒకరి దగ్గర మిషనుంది, ఒకరి దగ్గర సీసా ఉంది, ఒకరి దగ్గర సామెతుంది.

అవ్వకు వైద్యమే లేదనడం మాత్రం అన్యాయం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు. ముప్పై ఏళ్లు నాట్లేసి, కలుపుతీసి అరిగిన మోకాళ్లకు నొప్పి బిళ్లలిస్తాడు. అవి నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడి, లోలోపల నెత్తురు కారుతుంది. నెత్తురు కారితే నీరసం. నీరసానికి సెలైను. సెలైన్లో ఉండేది ఉప్పునీళ్లు. ఉత్త ఉప్పునీళ్లకు డబ్బులడిగితే బాగోదు కాబట్టి అందులోకి ఒక బీకాంప్లెక్స్ సూది ఎక్కిస్తాడు, సీసా పసుపురంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూడగానే అవ్వకు సగం బలం వస్తుంది. బిల్లు కట్టగానే ఆ సగమూ పోతుంది. సర్కారు దవాఖానాలో రక్తపరీక్ష ఉచితమే కదా అంటారు. ఉచితమే. అవ్వను తీసుకెళ్లే మనిషి కూలి ఉచితం కాదు, ఆటో ఉచితం కాదు, 'రిపోర్టు రేపు రా' అన్నాక వచ్చే రేపు అసలే ఉచితం కాదు.

ఇక రాజ్యాన్ని వదిలి వంటింట్లోకి వద్దాం. అక్కడ మనమే మంత్రులం.

పొద్దున అవ్వకు టీ, ఒక బన్ను. మధ్యాహ్నం అన్నం, చారు. సాయంత్రం మళ్లీ టీ. రాత్రి మజ్జిగన్నం, పచ్చడి. ఏ ఇంట్లోనూ అవ్వకు టీ లేదనరు. టీ దగ్గర మనం దానకర్ణులం. ఆ దానంలోనూ ఒక కిటుకుంది. అన్నంతోపాటు, అన్నం అయిన వెంటనే తాగే టీలోని టానిన్లు తిండిలో ఉన్న కాస్త ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు ముట్టొద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. పెట్టే తిండిలో ఇనుమే లేని చోట టీ అడ్డుకునేది మాత్రం ఏముంది లెండి!

ఆదివారం కోడికూర. కాళ్లు మనవలకు, కండ సంపాదించే కొడుక్కు, మిగిలినవి కోడలికి. అవ్వకు పులుసు. ఎందుకంటే ఆవిడకు పళ్లు లేవు. పళ్లు కట్టించొచ్చు కదా అంటే, ఈ వయసులో ఏం నములుతుందని అంత ఖర్చు? పళ్లు లేవని ముక్క వెయ్యరు, ముక్క తినదు కదా అని పళ్లు కట్టించరు. అర్థశాస్త్రంలో ఇంత బిగువైన వాదన మరోటి లేదు. ముక్కను మెత్తగా ఉడికించి చిదిమి పెట్టొచ్చన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎనిమిది నెలల మనవడికి అలాగే పెడుతున్నారు.

ఈ కంచం పంపకంలో కులానిదీ ఒక వాటా ఉంది. పై కులాల ఇళ్లలో మొగుడు పోయిన ఆడదానికి ఒంటిపూట భోజనాన్ని ఆచారమని నేర్పారు. కింది కులాల ఇళ్లలో ఒంటిపూటకు ఆచారం అక్కర్లేకపోయింది, కూలి చాలకపోవడమే చాలింది. ఒకరిది మడి, ఇంకొకరిది లేమి. పరీక్ష చేసే మిషనుకు ఈ తేడా తెలియదు, ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది. ఏకాదశికీ అంతే. ఉన్నవారింట ఆ పూట ఉపవాసమంటే పళ్లు, పాలు, జీడిపప్పు ఉప్మా. లేనివారింట ఉపవాసమంటే ఉపవాసమే. అలాంటి ఇంట్లో టీవీ పెడితే ప్రవచనకర్త 'వార్ధక్యంలో మితాహారమే మేలు' అని సెలవిస్తుంటారు. ఆయన ఎదుట వెండిగ్లాసులో బాదంపాలు ఉంటాయి.

నన్నడిగితే ముసలివాళ్ల నెత్తురు చూడ్డానికి సూది కూడా అక్కర్లేదు, పట్టాదారు పాసుపుస్తకం చాలు. రెండెకరాలు తన పేరునే ఉన్న తాత కంచంలో ముక్క ఉంటుంది, గ్లాసులో పాలు ఉంటాయి, 'నాన్నా, ఇంకాస్త పెరుగు?' అనే పలకరింపు ఉంటుంది. రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టి వచ్చిన నెలకు పెరుగు మజ్జిగవుతుంది. ఏడాదికి మజ్జిగ నీళ్లవుతుంది. ఈ సంగతి పార్లమెంటుకూ తెలుసు. అందుకే 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం తెచ్చి, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాత రద్దు చేయించుకోవచ్చంది. అంటే పెరుగు కోసం తాత ఆర్డీవో దగ్గర కేసు పెట్టుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం వచ్చే మనిషి ట్రిబ్యునలు మెట్లెక్కాలి. మరి రాసివ్వడానికి సెంటు భూమి కూడా లేనివారి మాట? పిల్లల్ని పోషణ అడిగే హక్కు చట్టంలో వాళ్లకూ ఉంది, దానికీ అవే మెట్లెక్కాలి. వాళ్లు మొదటి నుంచీ నీళ్లమజ్జిగే.

ఇళ్లను తిట్టాం కాబట్టి సర్కారు దగ్గరికి మళ్లీ వెళ్దాం, లేకపోతే పక్షపాతమంటారు. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను కింద కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. ఈ అంకె 2006లో పుట్టింది. అప్పుడు పుట్టిన పిల్లవాడికి ఓటొచ్చింది, దీనికి మాత్రం ఎదుగుదల లేదు. 200ను 30తో భాగిస్తే రోజుకు ఆరు రూపాయల అరవై ఏడు పైసలు. ఇంచుమించు ఒక కోడిగుడ్డు. ఉడకబెట్టే గ్యాసు, చల్లుకునే ఉప్పు ఎవరివి వారే తెచ్చుకోవాలి. 80 నిండితే 500 ఇస్తారు, అంటే రోజుకు రెండున్నర గుడ్లు. భారత ప్రభుత్వం నమ్మకం ప్రకారం మనిషికి ఆకలి ఎనభయ్యో ఏట మొదలవుతుంది.

అదే కేంద్రం 2024 అక్టోబరులో 70 నిండిన అందరికీ ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల ఆసుపత్రి బీమా మొదలుపెట్టింది. మంచిదే, మెచ్చుకుందాం. ఆ 5 లక్షలు ఆసుపత్రిలో చేరితేనే వస్తాయి. నెత్తురు లేక కళ్లు తిరిగి, బావిగట్టు మీద పడి, తుంటి విరగ్గొట్టుకుని మంచమెక్కితే రాజ్యం పరుగున వస్తుంది. పడకుండా నిలబడాలంటే ఆ 6 రూపాయల 67 పైసలతో నిలబడాలి. 5 లక్షలంటే 200 చొప్పున 2,500 నెలల పింఛను. 208 ఏళ్ల గుడ్లు! మన ఖజానాకు విరిగిన ఎముక కనిపిస్తుంది, ఆ ఎముకను మోస్తున్న నెత్తురు కనిపించదు.

రాష్ట్రాల చెయ్యి కేంద్రంకన్నా పెద్దదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పింఛను 4,000. తెలంగాణలో 2019లో 2,016 చేశారు, 2023 ఎన్నికల్లో 4,000 అన్నారు, రెండేళ్లు గడిచినా చేతిలో పడింది 2,016. ఇప్పుడు తార్నాక వారి పళ్లెం చూద్దాం. పెద్దవాళ్లకు రోజుకు గింజధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పళ్లు 100, పప్పులూ గుడ్లూ మాంసం కలిపి 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలన్నారు. ముసలివారికి కొలత కాస్త తగ్గినా దినుసులు అవే. బియ్యం రేషనుది అనుకుందాం. బాదం బదులు వేరుశనగలు, యాపిల్ బదులు జామకాయ, బజారు ముగిసే వేళ మిగిలిన కూరగాయలు. ఎంత పిసినారిగా వేసినా నా లెక్కలో రోజుకు 70 రూపాయలకు తగ్గలేదు. నెలకు 2,100. తెలంగాణ అవ్వ తన పింఛనంతా ఒక్క పైసా పక్కకు పోనివ్వకుండా నోట్లోనే పెట్టుకున్నా నెలాఖరుకు 84 రూపాయలు అప్పు పడుతుంది.

పింఛను నోటిదాకా వస్తే కదా! ఒకటో తారీఖున అవ్వ వేలిముద్ర పడగానే ఇంటిల్లిపాదికీ అవ్వ గుర్తుకొస్తుంది. మనవడి బడి ఫీజు, కోడలి డ్వాక్రా వాయిదా, కొడుకు బెల్టుషాపు బాకీ. అవన్నీ అవ్వే సర్దాలి. పింఛను అవ్వ పేరున వస్తుంది, అవ్వ చేతికొస్తుంది, అవ్వ కళ్లముందే పోతుంది. అయినా ఆ డబ్బు వల్ల అవ్వకు ఒక మేలు జరుగుతుంది. ఒకటో తారీఖు నుంచి అయిదో తారీఖు దాకా ఇంట్లో ఆవిడ మాట చెల్లుతుంది. ఆ అయిదు రోజులూ చారులో కాస్త పప్పు తగులుతుంది.

ఇప్పుడు బియ్యం. కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చింది. అంతకుముందు అవ్వ వయసువాళ్లకు వరన్నం పండగనాటి మాట, రోజూ జొన్నగటకో రాగిసంకటో. వరన్నం పరువని ఊరంతా అటు తిరిగాక, సంకటికి నగరంలో యోగం పట్టింది. అవ్వ వదిలించుకున్న రాగులు సూపర్‌మార్కెట్లో అద్దాల వెనక కూర్చున్నాయి. వాడల్లో వండుకునే కార్జం, నల్ల కూడా అంతే. ఇనుము దండిగా ఉండే కూరలవి. పెద్దమనుషులు ముక్కు మూసుకున్నన్నాళ్లూ పేదవాడికి దొరికాయి, వాళ్లు లొట్టలేయడం మొదలుపెట్టగానే ధర పెరిగి మెనూకార్డెక్కాయి. తిండికి పరువు పెరిగిన రోజే అది పేద కంచానికి సెలవు చెబుతుంది.

సరే, బియ్యంలోనే ఇనుము కలుపుదామని 2021 పంద్రాగస్టున ప్రధాని ఎర్రకోట మీంచి ప్రకటించారు. నూరు గింజలకొక బలవర్ధక గింజ, అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12. కలిపే పని మిల్లులో జరిగింది. చెప్పే పని ఎక్కడా జరగలేదు. తెల్లగా తేడాగా ఉన్న గింజ చూసి ఊళ్లకు ఊళ్లు 'ప్లాస్టిక్ బియ్యం' అని హడలిపోయాయి. అవ్వ చేటలో పోసుకుని, కళ్లజోడు లేకపోయినా, సర్కారు కలిపిన గింజను ఒక్కొక్కటే ఏరి కోళ్లకు వేసింది. ఊళ్లో కోళ్లకు రక్తహీనత లేదు. ఏరని బియ్యం కొంత దళారి కొనుక్కుపోతాడు. అది ఎంత దూరం పోతుందంటే, 2024 నవంబరులో కాకినాడ రేవులో రేషను బియ్యం ఎక్కిన ఓడ దగ్గరికి సాక్షాత్తూ ఉపముఖ్యమంత్రి పడవేసుకుని వెళ్లాల్సి వచ్చింది. అవ్వ నెత్తురు కోసం కలిపిన ఇనుముకు సముద్రయాన యోగం ఉంది. అవ్వకు మండలం దాకా బస్సుయోగం లేదు.

ఇంతవరకూ చదివి 'అయ్యో, పల్లెటూళ్లలో ఎంత ఘోరం' అనుకుంటున్న పాఠకుడా, మీ అపార్ట్‌మెంటులో అంట్లు తోమే మనిషి వయసెంత? అరవై దాటాయా? పొద్దున్నే ఆవిడకు ఏం పెడుతున్నారు? రాత్రి మిగిలిన ఇడ్లీలు రెండు, పెద్ద గ్లాసుడు టీ. చేతి కింద మనిషి కాస్త నెమ్మదించిందని మొన్న మీరే విసుక్కున్నారు. నెలకు నాలుగు సెలవులు పెడుతోందని జీతం కోసిందీ మీరే. మీ నాన్నగారికి అదే ఆయాసం వస్తే తొమ్మిది పరీక్షలు చేయించారు. ఈవిడను మాత్రం మార్చేద్దామనుకుంటున్నారు, ఇంకాస్త వయసులో ఉన్న మనిషిని చూసుకుని. ఆరోగ్య శాఖ వారి 49 ఏళ్ల గీత మీ వంటింటి గుమ్మంలో కూడా ఉంది.

ఏం చెయ్యమంటావోయ్ అంటారా? నాకు తట్టిన ఉపాయం చాలా చిన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని ఇంటి గుమ్మంలోకి వస్తాడు. అవ్వ వేలు చాపుతుంది. అదే సచివాలయంలో ఏఎన్ఎం కూడా ఉంది. ఆవిడ దగ్గర హిమోగ్లోబిన్ చూసే చిన్న డిజిటల్ మిషను ఉండాలని 'అనీమియా ముక్త్ భారత్' పథకమే చెబుతోంది. గుమ్మం ఒకటే, వేలు ఒకటే, ఉద్యోగులది ఒకే ఆఫీసు. ఏడాదికి రెండుసార్లు ఆ ఇద్దరూ కలిసి రావాలి. ముద్ర తీసుకున్న వేలికే చిన్న సూది. అంకె తగ్గితే బిళ్లలు, బిళ్లలతో పెరగకపోతే పెద్దాసుపత్రిలో కారణం వెతకడం, గర్భిణికి ఇచ్చినట్టే అంగన్‌వాడీలో ఒక గుడ్డు. ఆరు వర్గాల పక్కన ఏడోది. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త రిబ్బను అక్కర్లేదు, కొత్త పేరు కూడా అక్కర్లేదు.

ఇంత తేలిక కాబట్టే ఇది జరగదు. 85 దాటినవారి ఓటు కోసం 2024లో అధికారులు గడప దాకా వచ్చారు. ఓటుతో వాళ్లకు పనుంది కాబట్టి దారి తెలిసింది. నెత్తురు సంగతి వేరు. గుచ్చి చూస్తే అంకె పుడుతుంది. అంకె పుడితే అది జిల్లాకొక రకంగా, కులానికొక రకంగా, సెంటు భూమి ఉన్నవారికీ లేనివారికీ ఒక్కో రకంగా పుడుతుంది. అప్పుడు 'వయసు' అని తప్పించుకోవడం ఎవరివల్లా కాదు, సర్కారు వల్లా కాదు, మన వల్లా కాదు. లెక్క తేలాక గుడ్డు పెట్టాల్సి వస్తుంది. అందుకని రాజ్యమూ, ఇల్లూ కూడబలుక్కుని లెక్కే వద్దనుకున్నాయి. ఇదంతా తెలిసిచేసిన పొదుపు, దీన్ని వృద్ధాప్యం అనకండి.